"మీకుందాండి?": కరెంటు పోయిన ఇంట్లో లోపం ఎక్కడుందో జాగ్రత్తగా కనిపెట్టడం

కరెంటు పోగానే మా కోనసీమ వీధుల్లో మొదట వినిపించేది గోడ మీదుగా పక్కింటికి వేసే కేక. "ఏవండీ, మీకుందాండి?" అటు నుంచి "మాకూ లేదండి" అని వస్తే అందరూ అరుగుల మీదికి చేరి విసనకర్రలు అందుకుంటారు. "మాకుందండి" అని వస్తే మాత్రం ఇంట్లో టెన్షన్ మొదలవుతుంది. ఒకరు మీటరు బోర్డు దగ్గరికి పరిగెడతారు, ఇంకొకరు స్టూలు లాక్కుని ఫ్యూజు పీకుతారు, మరొకరు తడి వెదురు గెడ పట్టుకుని సర్వీసు వైరు కదిపి చూస్తారు. ఆ కేక మంచి పరీక్షే. భయమంతా దాని తరవాత జరిగే తొందర గురించి.

కరెంటు పోయినప్పుడు వెతకాల్సింది ఒక్కటే: అది ఎక్కడి దాకా వచ్చి ఆగిపోయింది? ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరా, స్తంభం దగ్గరా, మీటరు దగ్గరా, మన మెయిన్ స్విచ్ దగ్గరా, ఒక్క గదిలోనా? ఆగిన చోటు మీటరుకు అవతల ఉంటే అక్కడ మన చెయ్యి పెట్టకూడదు. ఇవతల ఉంటే కొంతవరకు మనమే చూసుకోవచ్చు. ఇంకో మాట మొదటే గుర్తు పెట్టుకోండి: లైటు వెలగలేదంటే తీగెలో కరెంటు లేదని కాదు. మీటరు దగ్గర న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే తీగె) తెగితే ఇంట్లో ఒక్క బల్బు కూడా వెలగదు, కానీ ఫేజు తీగె (కరెంటును మోసుకొచ్చేది) మొత్తం 230 వోల్టులతో బతికే ఉంటుంది. "కరెంటు లేదు కదా" అనుకుని చెయ్యి పెట్టడమే ప్రాణాలు తీస్తుంది.

ముందు ఎక్కడ నిలబడ్డారో చూసుకోండి

చీకట్లో మొదటి పని టార్చి వెయ్యడం. సెల్‌ఫోను లైటు చాలు. కొవ్వొత్తి పట్టుకుని మీటరు బోర్డు దగ్గరికి వెళ్లకండి. వంటింట్లో గ్యాసు వాసన వస్తే కొవ్వొత్తి కాదు, స్విచ్ కూడా ముట్టుకోకూడదు. సిలిండరు కట్టేసి, తలుపులు తీసి బయటికి రండి.

కాళ్ల కింద తడి ఉందా? వరండాలో జల్లు కొట్టిందా? మన డెల్టాలో నేల సగం ఏడాది చెమ్మగానే ఉంటుంది, మనం ఇంట్లో చెప్పులు లేకుండా తిరుగుతాం. ఒంట్లోంచి కరెంటు భూమిలోకి పోవడానికి ఇంతకంటే సులువైన దారి లేదు. మీటరు బోర్డు పక్కన పొడి చెక్క పీట ఒకటి, రబ్బరు చెప్పుల జత ఒకటి ఎప్పుడూ ఉంచుకోండి. చేతులు తుడుచుకుని, చెప్పులు వేసుకుని, పీట మీద నిలబడే ఏ స్విచ్చయినా ముట్టుకోండి. బోర్డు ఉన్న గోడే చెమర్చి ఉన్నా, నేల మీద నీళ్లు నిలిచినా అది ఎలక్ట్రీషియన్ వచ్చేదాకా వదిలెయ్యాల్సిన బోర్డు.

కాలిన వాసన గానీ, బోర్డులోంచి చిటపట శబ్దం గానీ ఉంటే వెతుకులాట మానేసి, మెయిన్ అందుబాటులో పొడిగా ఉంటే అది ఆపి, అందరినీ బయటికి తీసుకురండి. మంట కనిపిస్తే నీళ్లు చల్లొద్దు. పొడి ఇసుక, లేదా పౌడరు రకం ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ వాడాలి. ఫైరింజనుకు 101.

బయటికి వచ్చి వీధి చూడండి

ఇప్పుడు ఆ కేక వెయ్యండి. కానీ ఒక్క ఇంటిని కాదు, మూడు నాలుగు ఇళ్లను అడగండి. కారణం ఇది. వీధి స్తంభాల మీద మూడు ఫేజులు, ఒక న్యూట్రల్ నడుస్తాయి. సింగిల్ ఫేజ్ ఇళ్లకు ఒక్కో ఫేజు పంచుతూ పోతారు: మీది ఒక ఫేజు, పక్కాయనది ఇంకొకటి, ఎదురింటిది మూడోది కావచ్చు. అందుకే ఒక ఫేజు పోతే వీధిలో మూడో వంతు ఇళ్లు చీకట్లో ఉంటాయి, మిగతావి వెలుగుతుంటాయి. "మాకుందండి" అని పక్కింటి వాళ్లు అన్నంత మాత్రాన లోపం మీ ఇంట్లోనే ఉందని కాదు.

ఊరంతా చీకటైతే ఫీడరు, అంటే సబ్‌స్టేషన్ నుంచి ఊరికి వచ్చే పెద్ద లైను, పోయింది. ఇంట్లో చేసేదేమీ లేదు. ఫ్రిజ్, మోటారు, ఏసీ స్విచ్‌లు ఆపి ఒక లైటు స్విచ్ మాత్రం వేసి ఉంచి కూర్చోండి. ఒక్క ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇళ్లన్నీ పోతే అక్కడ ఫ్యూజు ఎగిరి ఉంటుంది. ఇళ్లు విడిచి విడిచి పోతే ఒక ఫేజు. మీదొక్కటే పోతే స్తంభం నుంచి మీ ఇంటి దాకా వచ్చే సర్వీసు వైరైనా, ఇంటి లోపలైనా. మొదటి మూడింటికీ ఫోను చెయ్యడమే పని. 1912కి చెయ్యండి, లేదా మీ సెక్షన్ లైన్‌మన్‌కు గానీ గ్రామ సచివాలయం ఎనర్జీ అసిస్టెంటుకు గానీ. ఫోనులో "కరెంటు లేదు" అనకండి. "ఫలానా గుడి దగ్గర ట్రాన్స్‌ఫార్మర్ కింద ఇళ్లు విడిచి విడిచి పోయాయి" అని చెప్తే వచ్చే మనిషి నిచ్చెన ఎక్కడ వెయ్యాలో తెలుసుకుని వస్తాడు.

కరెంటు పోలేదు, పిచ్చిపట్టింది: న్యూట్రల్ తెగితే

అన్నిటికంటే ప్రమాదకరమైన లక్షణం కరెంటు పూర్తిగా పోవడం కాదు. లైట్లు ఒక్కసారిగా మిరుమిట్లు గొలిపేలా వెలగడం, ఫ్యాను హోరున తిరగడం. లేదా మీ ఇంట్లో బల్బు మిణుకుమిణుకుమంటూ, పక్కింట్లో అదే క్షణంలో దేదీప్యమానంగా ఉండటం.

మా ఇంట్లో ఒక ఈదురుగాలి సాయంత్రం ఇదే జరిగింది. ఎప్పుడూ లో వోల్టేజీతో ఈడ్చే ఫ్యాను బొంగరంలా తిరిగింది. "ఈవేళ కరెంటు బావుందే" అని మా అమ్మ సంతోషపడింది. మేమూ చూస్తూ నిలబడ్డాం. రెండు నిమిషాల్లో టీవీ వెనకాల పొగ, ఆ తరవాత ఫ్రిజ్ స్టెబిలైజర్. స్తంభం దగ్గర కొబ్బరి మట్ట పడి న్యూట్రల్ తీగె తెగింది. ఎలా ఆపాలో తెలిసి ఉంటే ఒక్క స్విచ్‌తో అయిపోయేది.

జరిగేది ఇది. ఫేజుకూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులు ఉంటాయి. ఒక ఫేజుకూ ఇంకో ఫేజుకూ మధ్య 400 పైచిలుకు. న్యూట్రల్ తెగగానే మీ ఇల్లూ ఇంకో ఫేజు మీదున్న పక్కిల్లూ కలిసి ఆ రెండు ఫేజుల మధ్య గొలుసుకట్టుగా నిలబడతాయి. 400 పైచిలుకు వోల్టుల్ని రెండిళ్లూ పంచుకోవాలి. ఎవరింట్లో లోడు తక్కువో వాళ్లకు ఎక్కువ వాటా పోతుంది: ఒక్క బల్బు, ఒక్క టీవీ వేసుకున్న ఇంటికి 300 దాటొచ్చు. ఏసీ, గీజరు వేసిన ఇంటికి 100 రావచ్చు. ఎంసీబీ (లోడు ఎక్కువైతే తనంతట తానే పడిపోయే స్విచ్) దీన్ని పట్టుకోదు. అది ఎక్కువ ఆంపియర్లను చూస్తుంది గానీ వోల్టులను చూడదు.

కాబట్టి లైట్ల వెలుగు ఉన్నట్టుండి ఎక్కువైనా, బాగా తగ్గినా ఆలోచించకండి. మెయిన్ ఆపెయ్యండి. పక్కింటి వాళ్లను కేకేసి వాళ్ల మెయిన్ కూడా ఆపమనండి. ఆ తరవాతే ఫోను. ఇంట్లో మల్టీమీటరు ఉండి, వాడటం వచ్చి ఉంటే లెక్క ఇది: 216 నుంచి 244 దాకా మామూలు. లైన్‌మన్ సరిచేసి చెప్పేదాకా మెయిన్ ఎత్తొద్దు. స్విచ్‌లు ఆపినా నీళ్ల పంపు, గీజరు, వాషింగ్ మెషిను బాడీలు ముట్టుకోవద్దు.

మీటరు: మన సరిహద్దు

మీదొక్క ఇల్లే పోయిందని తేలితే మీటరు చూడండి. ముట్టుకోకుండా చూడండి. చాలా డిజిటల్ మీటర్లలో కరెంటు వస్తున్నప్పుడు ఒక చిన్న లైటు వెలిగి ఉంటుంది, వాడకాన్ని బట్టి ఇంకొకటి మినుకుతుంది. రెండూ చచ్చిపోయి, అంకెలూ కనబడకపోతే కరెంటు మీటరు దాకా రావడం లేదు. అంటే స్తంభం దగ్గర జంపరు (లైనునూ సర్వీసు వైరునూ కలిపే తీగె ముక్క) తెగిందో, సర్వీసు వైరు లోపల విరిగిందో. బిల్లు బకాయి ఉందేమో కూడా ఒకసారి చూసుకోండి. మీటరు సీలు తియ్యడం, సర్వీసు వైరు లాగడం మన పని కాదు. ఆ ముక్కకు మన ఇంట్లో ఎక్కడా స్విచ్ లేదు. మీ మెయిన్ ఆపినా అది ఆగదు.

మీటరులో లైట్లు బాగానే ఉంటే లోపం చాలామటుకు ఇవతలే ఉంటుంది. ఇంకొకటి: కొన్ని మీటర్ల మీద "ఎర్త్" అని ఒక గుర్తు ఉంటుంది. వెళ్లిన కరెంటంతా న్యూట్రల్ గుండా తిరిగి రాకుండా వేరే దారిలో పోతుంటే అది వెలుగుతుంది. ఆ వెలుగు కనిపిస్తే ఇంట్లో ఎక్కడో లీకేజీ ఉన్నట్టే, లైట్లన్నీ మామూలుగా వెలుగుతున్నా సరే.

ఎంసీబీలు, ఆర్‌సీసీబీ: ఒక్కొక్కటిగా

కొత్త ఇళ్లలో మీటరు దాటాక ఎంసీబీల పెట్టె ఉంటుంది. అందులో మామూలు ఎంసీబీలు ఓవర్‌లోడుకూ షార్టుకూ పడిపోతాయి. వెడల్పుగా ఉండి, "టి" అని చిన్న బొత్తాం ఉండేది ఆర్‌సీసీబీ. కరెంటు మనిషి ఒంట్లోంచో తడి గోడలోంచో భూమిలోకి కారుతుంటే పడేది అది. ఇళ్లలో పెట్టేది 30 మిల్లీ ఆంపియర్లది. అంటే ఒక ఆంపియరులో వందో వంతులు మూడు కారినా చాలు, కన్నుమూసి తెరిచేలోగా ఆపేస్తుంది. ఏది పడిందో చూస్తే సగం జబ్బు తెలిసినట్టే.

పడిన ఎంసీబీ మీట కొన్నిట్లో మధ్యలో ఆగుతుంది. దాన్ని పూర్తిగా కిందికి దించి, తరవాత పైకి ఎత్తాలి. కానీ ఎత్తేముందు ఆ లైను మీదున్న ప్లగ్గులన్నీ పీకెయ్యండి. అప్పుడు ఒక్కసారి ఎత్తండి. వెంటనే పడితే షార్టు. ఇంకోసారి ఎత్తకండి. చేత్తో గట్టిగా నొక్కి పట్టుకోవడం, టేపు వెయ్యడం ఎవరైనా చేస్తుంటే ఆపండి. ఎత్తాక నిలబడితే ప్లగ్గులు ఒక్కొక్కటి పెడుతూ, ఒక్కో నిమిషం ఆగుతూ రండి. దేనితో పడిందో అదే దొంగ.

పది నిమిషాలు నడిచి పడితే ఓవర్‌లోడు. సంక్రాంతికి అల్లుళ్లు, మనవలు దిగినప్పుడు మా వైపు ప్రతి ఇంట్లోనూ ఇది చూస్తాం. 2,000 వాట్ల గీజరు, 2,000 వాట్ల ఇండక్షన్ పొయ్యి, 1,000 వాట్ల ఇస్త్రీ పెట్టె: మొత్తం 5,000 వాట్లు. 230తో భాగిస్తే దాదాపు 22 ఆంపియర్లు. ఈ మూడూ 16 ఆంపియర్ల ఎంసీబీ ఉన్న ఒకే లైను మీద ఉంటే అది పడటం దాని ధర్మం. 32 ఆంపియర్లది తెచ్చి పెట్టేస్తే పడదు నిజమే, కానీ అప్పుడు కాలేది గోడలో ఉన్న వైరు. ఎంసీబీ సైజు వైరు లావును బట్టి ఉంటుంది, మన అవసరాన్ని బట్టి కాదు. స్నానాలయ్యాక ఇస్త్రీ చేసుకోవడం నయం.

ఆర్‌సీసీబీ పడితే పద్ధతి వేరు. అన్ని ఎంసీబీలూ దించి, ఆర్‌సీసీబీ ఒక్కటే ఎత్తండి. నిలబడితే ఎంసీబీలు ఒక్కొక్కటిగా ఎత్తుతూ రండి. ఏ లైనుతో పడిందో దాన్ని దించి వదిలేసి మిగతా ఇంటిని నడుపుకోవచ్చు. అన్నీ దించినా ఆర్‌సీసీబీ నిలబడకపోతే ఎక్కడో న్యూట్రల్ తీగె భూమికి తగులుతోంది. మామూలు ఎంసీబీ ఫేజును మాత్రమే కోస్తుంది, న్యూట్రల్‌ను కొయ్యదు, అందుకే ఈ పరీక్షలో అది దొరకదు. ఎలక్ట్రీషియన్‌ను పిలవాల్సిందే.

మన ప్రాంతంలో ఆర్‌సీసీబీ పడగొట్టేవి ఏవో చెప్తాను, ముందు అవి చూడండి. గేటు దగ్గర కాలింగ్ బెల్ స్విచ్, జల్లు కొట్టిన వరండా లైటు, దొడ్లో బోరు మోటారు, దాని స్టార్టరు పెట్టె, తుప్పు పట్టిన గీజరు కాయిలు, వాషింగ్ మెషిను. స్విచ్ బోర్డులో బల్లి చచ్చి ఉండటం, చీమలు పుట్ట పెట్టడం కూడా మామూలే. సముద్రం దగ్గరి ఊళ్లలో ఉప్పుగాలికి టెర్మినల్ స్క్రూలు పచ్చగా తుప్పెక్కి వదులవుతాయి.

"ఊరికే పడిపోతోంది" అని ఆర్‌సీసీబీని పీకించి నేరుగా వైరు కలిపించుకున్న ఇళ్లు నేను చూశాను. చేతులెత్తి మొక్కి చెప్తున్నాను, ఆ పని చెయ్యకండి. అది పడుతోందంటే రేపు పిల్లవాడి చెయ్యి తగలబోయే చోటు ఒకటి ఇంట్లో ఉందని చెప్తోంది. నెలకోసారి "టి" బొత్తాం నొక్కి చూడండి. నొక్కగానే పడకపోతే మార్చేసుకోండి.

పాత ఇంట్లో ఫ్యూజు

పెంకుటిళ్లలో, మండువా లోగిళ్లలో ఇంకా పింగాణీ కిట్‌క్యాట్ ఫ్యూజులే ఉన్నాయి. ముందు మెయిన్ ఆపండి. తరవాతే క్యారియరు (ఫ్యూజు తీగె ఉండే పింగాణీ ముక్క) పీకండి. తీగె కాలిపోయి ఉంటే దుకాణంలో ఫ్యూజు తీగె అని అట్ట మీద చుట్టి ఆంపియర్లు రాసి అమ్మేది తెచ్చి వెయ్యాలి. ఫ్యాను వైరు చీల్చి నాలుగు రాగి పోగులు మెలేసి కట్టడం మన దగ్గర పెద్ద అలవాటు. అలా కట్టిన ఫ్యూజు కాలదు, ఇల్లు కాలుతుంది. మెయిన్ స్విచ్ ఆపినా దాని పైభాగంలో మీటరు నుంచి వచ్చే తీగెల్లో కరెంటు ఉంటుందని మాత్రం మరిచిపోకండి. కొన్ని పాత బోర్డుల్లో న్యూట్రల్‌కూ ఫ్యూజు ఉంటుంది. అది ఎగిరితే ఇల్లంతా చీకటి, ఫేజు మాత్రం బతికే ఉంటుంది.

వేసిన ఫ్యూజు మళ్లీ ఎగిరితే మూడోది వెయ్యకండి.

టెస్టరు చెప్పే అబద్ధం

ఒక్క గదే పోతే చాలామంది టెస్టరు తీసి ప్లగ్గులో పెడతారు. ఎడమ కన్నంలో వెలిగి, కుడి కన్నంలో కూడా వెలిగితే "రెండిట్లోనూ కరెంటు ఉంది, మరి ఎందుకు పనిచెయ్యదు?" అని తల పట్టుకుంటారు. అది న్యూట్రల్ ఎక్కడో వదులైన గుర్తు. ఫేజు వెళ్లి, వేసి ఉన్న ఏ బల్బులోంచో దాటి, వెనక్కి పోయే దారి లేక న్యూట్రల్ తీగెలో నిలబడి ఉంది. అప్పుడు న్యూట్రల్ ముట్టుకున్నా షాకే.

టెస్టరు వెలగలేదంటే కరెంటు లేదని కూడా నమ్మకండి. లోపల నియాన్ బల్బు పోయి ఉండొచ్చు. ముందు కరెంటు ఉందని ఖాయంగా తెలిసిన చోట పెట్టి, వెలిగితేనే మిగతా చోట పెట్టాలి. బోర్డు విప్పడం, స్క్రూలు బిగించడం అనేవి మెయిన్ ఆపి, ఎలక్ట్రీషియన్ చెయ్యాల్సిన పనులు.

పడిన తీగె, కొబ్బరి మట్ట, దండెం

మన డెల్టాలో కరెంటు లైనూ కొబ్బరి చెట్టూ పక్కపక్కనే పెరిగాయి. గాలివాన వస్తే మట్ట విరిగి తీగెల మీద పడుతుంది, రెండు తీగెలు రాసుకుని మెరుపు వస్తుంది, ఒక్కోసారి తీగె తెగి వరి చేలోనో కాలవ గట్టు మీదో పడుతుంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడ్డప్పుడు తోటలకు తోటలే నేలమట్టమయ్యాయి, వాటితో పాటే స్తంభాలూ. అంత పెద్దది కాకపోయినా, కార్తీకంలో వచ్చే ప్రతి వాయుగుండం ఒకటో రెండో తీగెల్ని కింద పడేస్తుంది.

పడిన తీగె చచ్చిందని ఎప్పుడూ అనుకోకండి. పొడి ఇసుక మీదో సిమెంటు రోడ్డు మీదో పడితే భూమిలోకి పోయే కరెంటు తక్కువై, సబ్‌స్టేషన్‌లో బ్రేకరు పడకపోవచ్చు. బ్రేకరు పడినా, లోపం పోయిందేమో అని ఫీడరును మళ్లీ ఛార్జ్ చేసి చూస్తారు. ఇప్పుడు లేని కరెంటు ఇంకో నిమిషంలో ఉండొచ్చు. కనీసం 10 మీటర్ల దూరంలో ఉండండి, పశువులను, పిల్లలను రానివ్వకండి. నీటిలో పడితే ఆ నీటిలోకే దిగకండి. తెలియక దగ్గరికి వెళ్లిపోయి కాళ్లలో జిమ్మని అనిపిస్తే పెద్ద అంగలు వెయ్యొద్దు. రెండు పాదాలూ ఆనించుకుని, నేల మీంచి ఎత్తకుండా, జరుపుకుంటూ వెనక్కి రండి. తీగె చుట్టూ నేలలోనే అడుగుకీ అడుగుకీ మధ్య వోల్టేజీ తేడా ఉంటుంది. కాళ్లు ఎంత ఎడంగా వేస్తే అంత కరెంటు ఒంట్లోంచి పోతుంది.

వెదురు గెడతో మట్ట తియ్యబోకండి. పచ్చి వెదురు, తడిసిన వెదురు కరెంటును బాగా మోస్తాయి. కాయలు దింపే ఇనుప గెడల సంగతి చెప్పనే అక్కర్లేదు.

దండెం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే ఇది మన ఆడవాళ్ల ప్రాణాలు తీస్తోంది. స్తంభం నుంచి ఇంటికి వచ్చే సర్వీసు వైరు బరువు మొయ్యడానికి దాని వెంట ఒక ఇనుప తీగె కడతారు. గాలికి ఊగి ఊగి సర్వీసు వైరు పైపొర ఆ ఇనుప తీగె మీద అరిగిపోతుంది. అదే కొక్కేనికో, అదే రేకుల షెడ్డు గొట్టానికో మనం బట్టల దండెం కడతాం. వాన పడిన రోజు తడి చీర ఆరెయ్యబోయిన మనిషికి షాక్ కొడుతుంది. పట్టుకోబోయిన రెండో మనిషికీ కొడుతుంది. ఇంట్లో ఆర్‌సీసీబీ ఉన్నా ఇది మీటరుకు అవతలి కరెంటు, అది ఆపలేదు. ఇనుప దండెం విప్పేసి నైలాను తాడు కట్టండి. ఈ వ్యాసం చదివి ఒక్క పనే చేద్దామనుకుంటే ఇదే చెయ్యండి.

ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర మనకేం పని లేదు

ప్రతి ఊళ్లో ఒక కుర్రాడు ఉంటాడు, ఏబీ స్విచ్ (ట్రాన్స్‌ఫార్మర్‌కు వచ్చే పెద్ద లైనును ఆపేది) దించి తనే ఫ్యూజు వేసేస్తాడని పేరు. లైన్‌మన్ రావడం ఆలస్యమైతే అందరూ అతన్ని పిలుస్తారు. దయచేసి పిలవకండి. ఏబీ స్విచ్‌లో మూడు బ్లేడ్లు ఉంటాయి. తుప్పు పట్టి ఒకటి విడిపోకుండా అతుక్కుని ఉన్నా కింద నుంచి తెలియదు, అక్కడ ఉన్నది 11,000 వోల్టులు. లైన్‌మన్ ఎక్కాలంటే సబ్‌స్టేషన్ నుంచి లైన్ క్లియర్ తీసుకోవాలి. ఆ లైను ఆపాం, మీరు చెప్పేదాకా వెయ్యం అని అటు నుంచి మాట రావాలి. ఊరి కుర్రాడికి ఆ మాట ఇచ్చేవాళ్లు లేరు.

ఇన్వర్టరు, జనరేటరు

ఇన్వర్టరు ఉన్న ఇంట్లో మెయిన్ ఆపినా కొన్ని ప్లగ్గుల్లో 230 వోల్టులు ఉంటాయి. బల్బు మార్చాలన్నా ఇన్వర్టరు కూడా ఆపండి. బ్యాటరీ ఉన్న చోట గాలి ఆడాలి. ఛార్జింగ్‌లో హైడ్రోజన్ వస్తుంది, పక్కన దీపం పెట్టకూడదు.

జనరేటరు విషయంలో గట్టిగా చెప్తాను. భీమవరం, నరసాపురం వైపు చెరువుల మీద ఏరేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) ఆగితే తెల్లారేసరికి రొయ్య తేలిపోతుంది, అందుకని జనరేటర్లు లేని రైతు లేడు. అదే జనరేటరును ఇంటికి తెచ్చి, రెండు వైపులా పిన్నులున్న వైరుతో ప్లగ్గులో గుచ్చి ఇల్లంతా నడిపేవాళ్లున్నారు. ఆ కరెంటు మీ మీటరు దాటి వెనక్కి స్తంభం ఎక్కుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌లోంచి ఎదురు నడిచి 11,000 వోల్టులుగా మారుతుంది. లైన్ క్లియర్ తీసుకుని స్తంభం మీదున్న మనిషి దాన్ని ముట్టుకుంటాడు. చేంజోవర్ స్విచ్ పెట్టించుకుంటే లైను కరెంటూ జనరేటరు కరెంటూ ఎప్పటికీ కలవవు. అది లేకపోతే అవసరమైన వస్తువును నేరుగా జనరేటరుకే తగిలించండి. జనరేటరు వరండాలో కూడా పెట్టొద్దు, ఇంటికి దూరంగా ఆరుబయట ఉంచండి. దాని పొగలో కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది, వాసన రాదు, నిద్రలోనే చంపేస్తుంది.

గోదారి ఇంట్లోకి వచ్చినప్పుడు

ధవళేశ్వరం దగ్గర 10 లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 13 లక్షలకు రెండోది, 17 లక్షలకు మూడోది ఇస్తారు. లంకల్లో ఉండేవాళ్లు మొదటి హెచ్చరికకే ఇన్వర్టరు బ్యాటరీ, ఫ్రిజ్, మోటారు స్టార్టరు పైకి చేర్చుకోవడం మంచిది. రెండోదానికి మెయిన్ ఆపేసి బయల్దేరండి. నీళ్లు గడప దాటాక మెయిన్ కోసం ఆ నీళ్లలో నడవకండి. లైను ఆపించమని ఫోను చెయ్యండి.

2022 జులైలో ధవళేశ్వరం వద్ద వరద 25 లక్షల క్యూసెక్కులు దాటింది. అలాంటి వరద తీశాక ఇల్లు పొడిగా కనిపించినా గోడల్లో పైపుల నిండా నీళ్లుంటాయి. మునిగిన ఎంసీబీలు, ఆర్‌సీసీబీ, స్విచ్‌లు, ప్లగ్గులు ఎండబెట్టి వాడకూడదు, మార్చాలి. వాటిలోకి పోయిన ఒండ్రు బయటికి రాదు. వైరింగును ఎలక్ట్రీషియన్ చేత, వైరు పైపొర పాడైందేమో కొలిచే మెగ్గర్‌తో కొలిపించి, ఒక మెగా ఓం కంటే తగ్గకుండా ఉంటేనే మెయిన్ ఎత్తండి. కొత్త బోర్డు పెట్టించేటప్పుడు గోడ మీద పాత వరద మరక కంటే ఎత్తులో పెట్టమనండి.

ఎవరికైనా షాక్ కొడితే

మనిషిని పట్టుకోకండి. ముందు మెయిన్. అందకపోతే ప్లాస్టిక్ కుర్చీ, పొడి కర్ర, లోహం కాని ఏదైనా పొడి వస్తువుతో పీట మీద నిలబడి తోసెయ్యండి. ఇది ఇంట్లో 230 వోల్టులకే. స్తంభాల మీది పెద్ద లైనయితే ఆ లైను ఆపారని సబ్‌స్టేషన్ చెప్పేదాకా దగ్గరికే పోకూడదు. 108కి చెయ్యమని ఒకరికి చెప్పండి. మాట లేక, ఊపిరి సరిగా తీసుకోకపోతే వెల్లకిలా పడుకోబెట్టి, రొమ్ము మధ్య ఎముక మీద రెండు అరిచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి, 5 సెంటీమీటర్ల లోతు దిగేలా నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ ఉండండి. అంబులెన్సు వచ్చేదాకా ఆపొద్దు. లేచి కూర్చుని "బానే ఉన్నానండి" అన్నా ఆసుపత్రికి తీసుకెళ్లండి. గుండె కొట్టుకునే తీరు తరవాత తప్పొచ్చు.

కరెంటు వచ్చాక

వేసి ఉంచిన ఆ ఒక్క లైటును ఐదు నిమిషాలు గమనించండి. వెలుగు నిలకడగా ఉంటే ఫ్యాన్లు, తరవాత ఫ్రిజ్, చివర మోటారు, ఏసీ. ఊరంతా ఒక్కసారే అన్నీ వేస్తే ట్రాన్స్‌ఫార్మర్ ఫ్యూజు మళ్లీ ఎగురుతుంది. తలుపు తియ్యకుండా ఉంచిన ఫ్రిజ్ దాదాపు నాలుగు గంటలు చల్లదనం ఆపుతుంది. అంతకు మించితే పాలు, చేపలు, రొయ్యలు పారెయ్యండి.

మీటరు బోర్డు పక్కన ఒక అట్ట ముక్క తగిలించండి. దాని మీద పెద్ద అక్షరాలతో మీ సర్వీసు నంబరు, మీ స్తంభం ఏ ట్రాన్స్‌ఫార్మర్ కిందిదో, 1912, లైన్‌మన్ ఫోను, మీ ఎలక్ట్రీషియన్ ఫోను, 108 రాయండి. పక్కనే ఏ ఎంసీబీ ఏ గదిదో రాయండి. రాత్రి పూట మీరు ఊళ్లో లేనప్పుడు కరెంటు పోతే మీ అమ్మగారో, పదేళ్ల పిల్లో టార్చి వేసి చదువుకోగలిగేలా ఉండాలి ఆ అక్షరాలు.